గేటు మీద పేరు

నవంబర్ 6

ఎడమ చేత్తో రాస్తున్నాను. ఎండ్రకాయ నడిచినట్టుంది. ఇవాళ్టికి ఇంతే.

నవంబర్ 7

మత్తు దిగింది. దిగాక తెలిసిన మొదటి సంగతి, దెబ్బ తగిలినప్పుడు నేను మిల్లులో లేనట. ఇంట్లో గడ్డి కోసే మిషనులో చెయ్యి పెట్టానట. మంచం కాళ్ళ దగ్గర తగిలించిన కేసు షీటులో డాక్టర్ అలాగే రాశాడు.

మాకు గేదె లేదు. ఎప్పుడూ లేదు. పాలు ప్యాకెట్టు.

మా ఆవిడ వెంకటేశ్వరమ్మని అడిగాను. "గేదె లేని కొంపలో గడ్డి మిషను ఎక్కడిదే?"

"మిల్లు డ్రైవరు చెప్పమన్నాడయ్యా. మిల్లని చెబితే పోలీసు కేసవుద్ది, వాళ్ళొచ్చిందాకా డాక్టరు చెయ్యి ముట్టుకోడన్నాడు. నీకా, రక్తం కారిపోతా ఉంది. ఏనుగు తొక్కిందని చెప్పమన్నా చెప్పేదాన్ని."

దీని మీద ఏం వాదిస్తాం. నేను ప్రపంచంలో ఎవరితోనైనా వాదిస్తాను. ఈవిడతో మాత్రం మొదటి మాటకే ఓడిపోతాను.

జరిగింది రాసిపెట్టుకోవాలి. లేకపోతే నేను కూడా గడ్డి మిషనుని నమ్మేట్టున్నాను. నవంబర్ 3, కార్తీక సోమవారం, సీజన్ మొదటి రోజు. పర్చూరు రోడ్డు మీది మా జిన్నింగు మిల్లు. నేను ఫిట్టర్ని. వెంకటేశ్వరమ్మ అదే మిల్లులో పత్తిలోంచి కాయముక్కలు, ఆకు ఏరుతుంది. గింజని, దూదిని విడదీసే మిషను రోలర్లకి తడి పత్తి చుట్టుకుంది. రేకు మూత తీసేసి చేత్తో లాగాను. కుడిచేతికి బొటనవేలు మిగిలింది. మిషను తిరుగుతూనే ఉంది. ఫోర్‌మన్ యూసుఫ్ స్విచ్ కొట్టి నన్ను వెనక్కి లాగాడు.

తిరిగే మిషనులో ఫిట్టరైనవాడు చెయ్యెందుకు పెట్టాడని ఎవరైనా అడగొచ్చు. ఎవరూ అడగలేదు కాబట్టి రాయను.

నవంబర్ 8

గుంటూరులో ఇంత మంచి గది ఉంటుందని తెలియదు. ఏసీ. గోడకి టీవీ. తలుపు బయట కుర్చీలో మిల్లు డ్రైవరు. ఏం కావాలన్నా తెచ్చిపెట్టడానికట. నిన్న వరండాలో నాలుగడుగులు వేద్దామని లేస్తే, "ఎందుకన్నా శ్రమ, లోపలే తిరుగు" అని తలుపు దగ్గరగా వేశాడు. నా ఫోన్ కూడా ఆయన దగ్గరే ఛార్జింగ్ అవుతోంది. మూడు రోజులుగా అవుతోంది. ఎంత పెద్ద బ్యాటరీయో.

సాయంత్రం మిల్లు ఓనరు శివరామకృష్ణ గారు వచ్చారు.

"ఏం యలమందా, ఎట్టా ఉంది?"

"ఉందండీ, సగం."

పెద్దగా నవ్వాడు. "చెయ్యి పోయినా నోరు మాత్రం ఏ మిషనూ కొయ్యలేదబ్బా నీకు!" అని మంచం అంచున కూర్చున్నాడు. కుర్చీ ఉంది. అయినా మంచం మీదే కూర్చున్నాడు. "ఆ ఈఎస్‌ఐ ఆసుపత్రులూ, ఆ లైన్లూ, ఆ చీటీలూ నీకెందుకయ్యా? నువ్వు మా ఇంటి మనిషివి. బిల్లు సంగతి నేను చూసుకుంటా. నువ్వు కడుపునిండా తిను, నిద్రపో."

దెబ్బ సంగతి ఈఎస్‌ఐ ఆఫీసుకి రిపోర్టు చేశారా అని అడిగాను.

అడగలేదు. అడిగాను అని రాసేశాను గానీ అడగలేదు. అడగబోతుంటే నర్సు బీపీ చూడడానికి వచ్చింది. ఆమె వెళ్ళేలోపు ఆయన లేచాడు. బత్తాయిలు పెట్టి వెళ్ళాడు.

నవంబర్ 9

ఆదివారం. రేపు ఫోన్ చేయించి అడుగుతాను.

నవంబర్ 10

జ్వరం. రేపు.

నవంబర్ 11

కోపం వస్తే ఎడమచెయ్యి కూడా బాగానే కదులుతోంది.

కార్మికుడికి పనిలో పెద్ద దెబ్బ తగిలితే యజమాని వెంటనే ఈఎస్‌ఐ వాళ్ళకి రిపోర్టు పంపాలి. ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్‌కి వేరే కబురు పంపాలి. ఇది దయ కాదు, దానం కాదు, మంచం అంచున కూర్చుని ఇచ్చే బత్తాయి కాదు. బాధ్యత. నా జీతంలోంచి నెలనెలా కోసుకున్న చందాకి బదులుగా రావలసినది. రిపోర్టు వెళితే ఈ చెయ్యి మిల్లులో పోయిన చెయ్యి అవుతుంది. బతికినంత కాలం నెలకింత అని వస్తుంది. ఇన్‌స్పెక్టర్ వచ్చి ఆ మూత ఎందుకు ఊడిందో చూస్తాడు. వెళ్ళకపోతే? లేని గేదె నా చెయ్యి మేసింది. అంతే.

తప్పు నీదే కదా అంటారు. అనండి. యజమాని పని కోసం చేస్తూ కార్మికుడు నియమం తప్పినా అది పనిలో తగిలిన దెబ్బేనని చట్టం చెబుతోంది. చట్టం రాసినవాళ్ళకి మిల్లు తెలుసు. నియమాలన్నీ పాటిస్తే రోజుకి సగం దూది కూడా దిగదని వాళ్ళకి తెలుసు. ఈ సంగతి మీద నేనే కరపత్రం రాశాను. చిలకలూరిపేట బస్టాండులో నిలబడి పంచాను. మిల్లుల్లో గాయాలని దాచే యజమానులు ఆ గాయాలు చేసినవాళ్ళతో సమానం అని దానికి శీర్షిక పెట్టాను. పెద్ద శీర్షిక. అయినా పెట్టాను.

ఇదంతా జ్యోతిర్మయికి, అంటే నర్సుకి, గట్టిగా చెప్పాను. ఒంగోలు వైపు అమ్మాయి. ఓపికమంతురాలు.

"బాబాయ్, బీపీ ఎక్కుతోంది. పడుకో."

"బీపీ కాదమ్మా, హక్కు."

"హక్కుకి నా దగ్గర మాత్ర లేదు. బీపీకుంది. నోరు తెరు." మాత్ర వేసి నీళ్ళిచ్చింది. "మరి ఇదంతా ఆయనకి చెప్పావా?"

"ఎవరికి?"

"బత్తాయిల ఆయనకి."

మిగిలిన నీళ్ళన్నీ నోట్లో పోసుకున్నాను. 

నవంబర్ 12

ఈ గదిలో అన్నీ పనిచేస్తాయి. కిటికీ ఒక్కటే తెరుచుకోదు.

నవంబర్ 13

యూసుఫ్ వచ్చాడు. డ్రైవరు వాణ్ణి ఆపలేదు. ఎందుకు ఆపలేదో తర్వాత అర్థమైంది.

"ఏరా, పెన్ను పట్టావ్? వేళ్ళు తిరిగి మొలిచినయ్యా ఏంది?" అంటూ లోపలికి వచ్చాడు. నవ్వాను. మేమిద్దరం ఒకే సీజన్‌లో మిల్లులో చేరాం. వాడి పెళ్ళికి నేను, నా పెళ్ళికి వాడు వంటశాల దగ్గర నిలబడ్డాం. నా వేళ్ళు గుడ్డలో చుట్టి ఐసు పెట్టి ఆసుపత్రిదాకా తెచ్చింది కూడా వాడే. అవి అతకలేదు. అది వేరే సంగతి.

బత్తాయి వలిచి తొనలు నా నోటికి అందిస్తున్నాడు. నేను ఊరుకోలేదు.

"మీ ఓనరు రిపోర్టు పంపలేదెందుకో అడిగావా?"

"ఎందుకడగాలి?"

"ఆయన పంపాలి కాబట్టి."

"ఆయన కాదంట. నేనంట."

"నువ్వేందిరా?"

"గేటు మీద బోర్డు రోజూ చూస్తావుగా. మేనేజర్ ఎవరని ఉంది?"

షేక్ యూసుఫ్ అని ఉంది. మిల్లు మొత్తానికి అదొక వేళాకోళం. ఫ్యాక్టరీ అన్నాక కాగితాల్లో మేనేజరుగా ఒక పేరుండాలి. అకౌంటెంటు ప్రేమ్‌చంద్ కొన్నేళ్ళ కిందట ఫోర్‌మన్ పేరు రాసి, సంతకం పెట్టించుకుని, మైసూర్‌పాక్ పంచాడు. అప్పట్నించీ, "మేనేజరు గారూ, బీడీ ఉందాండీ?" అని అడగని వాడు లేడు. నేనూ అడిగాను. ఈ జిల్లాలో సగం మిల్లుల్లో ఇదే పద్ధతి. మేనేజర్లంతా లుంగీలు కట్టుకుని గ్రీజు పూసుకుంటుంటారు.

"ప్రేమ్‌చంద్ నిన్న పిలిచి చెప్పాడ్రా. రిపోర్టు పంపడం మేనేజరు పని, పంపనందుకు కేసు మేనేజరు మీద పడుద్ది, యూసుఫ్ భాయ్ జాగ్రత్త అన్నాడు. నిజమేనా? నువ్వు చదివినోడివి."

నిజమే. ఫ్యాక్టరీకి మేనేజరుగా పేరు రాసిన మనిషిని కూడా ఈఎస్‌ఐ చట్టం యజమానిగానే లెక్కిస్తుంది. ఆ వాక్యం నాకు తెలుసు. ఎన్నోసార్లు చదివాను. అందులో యూసుఫ్ ఎప్పుడూ కనపడలేదు. ఈ భయం నా దాకా చేరాలనే డ్రైవరు వాణ్ణి ఆపలేదు.

"దెబ్బ తగిలినప్పుడే పంపి ఉండాల్సింది కదరా" అన్నాను.

"ఏం పంపాలి, ఎవరికి పంపాలి, నాకెవురు చెప్పారు? నాకు తెలిసింది స్విచ్ ఒక్కటే. అది నేను ఆపబోయా. ఆపకన్నది నువ్వు."

ఆ తర్వాతి తొన నేను తీసుకోలేదు.

సరే, రాస్తాను. మా మిల్లులో సీజన్ మొదటి రోజు కొబ్బరికాయ కొట్టి మిషన్లు తిప్పితే, మొదటి దూది బేలు కట్టేదాకా స్విచ్ ఆపరు. మధ్యలో ఆపితే ఆ సీజనంతా మిల్లు ఆగుతూనే ఉంటుందని నమ్మకం. నాకు లేదు. నేను దాని మీద కూడా కరపత్రం రాశాను. కానీ ఆ రోజు మిషను చుట్టూ బస్తాలు మోసే ముఠా అంతా నిలబడి ఉంది. ఓనరు గారి భార్య హారతి పళ్ళెంతో ఉంది. యూసుఫ్ చెయ్యి స్విచ్ మీదికి వెళ్ళింది. ఆపితే ఏమవుతుంది? ఏమీ కాదు. కానీ తర్వాత ఎప్పుడు కరెంటు పోయినా, ఎప్పుడు పత్తి రాకపోయినా, ఎవరికి పని దొరక్కపోయినా, దేవుడు లేడనే యలమంద మొదటి రోజే ఆపించాడనేవాళ్ళు. ఆ మాట పడలేక అరిచాను. ఆపకురా అని. నమ్మకం లేనివాడే నమ్మినవాళ్ళ కన్నా గట్టిగా అరిచాడు.

అయినా ఇది చట్టానికి అక్కర్లేదు. పైన రాశాను కదా. అక్కర్లేదు.

నవంబర్ 14

నిద్ర లేదు. రాయడమే మిగిలింది.

యజమాని ఎవరు? పర్చూరు రోడ్డులో ఆ రేకుల షెడ్లు, ఆ తూకం కాటా, వరసగా నిలబడిన ట్రాక్టర్లు ఎవరివి? అడ్డగోలు ప్రశ్నలా ఉంది గానీ సమాధానం ఇంకా అడ్డగోలు. చట్టం కంటికి యజమాని నా యూసుఫ్. వర్షమొస్తే చుట్టాలింటికి పోయి పడుకునే ఇల్లు వాడిది. ఇద్దరు కూతుళ్ళకీ ఒకే సైకిల్. ఆ మనిషిని కాగితం మీద యజమానిని చేసి, అసలు యజమాని దాత అయ్యాడు. బాధ్యత అంతా కిందికి జారింది, బత్తాయిలన్నీ పైనించి వచ్చాయి. ఇంత కాలం నేను ఉపన్యాసాల్లో పైకి వేలు చూపించాను. ఇప్పుడు చూపించే వేలు లేదు, చూపించాల్సిన దిక్కూ మారింది.

దారులన్నీ వెతికాను. నేనే స్వయంగా చెప్పొచ్చు. దెబ్బ తగిలిన కార్మికుడు యజమానికి గానీ ఫోర్‌మన్‌కి గానీ నోటితో చెప్పినా చాలు, కాగితం కూడా అక్కర్లేదు. విన్నవాడు ఇక తెలియదనడానికి లేదు. ఫోర్‌మన్ ఎవరు? యూసుఫ్. యజమాని? యూసుఫ్. సరే, నేరుగా ఈఎస్‌ఐ బ్రాంచి ఆఫీసుకి ఉత్తరం పెడితే? నిజమేనా అని వాళ్ళు మిల్లుని అడుగుతారు. మిల్లు తరఫున సంతకం ఎవరిది? ఎటు తిరిగినా వాడి మొహమే.

అడిగితే వాడు ఇరుక్కుంటాడు. అడక్కపోతే నేను. ఇద్దరం ఒకే తలుపులోంచి బయటపడాలి, ఆ తలుపు ఒక్క మనిషి పట్టేంతే ఉంది. ఎవరు కట్టారు ఈ తలుపు? ఎంత తెలివైనవాళ్ళు!

నవంబర్ 16

ప్రేమ్‌చంద్ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చంకలో ఫైలు.

"అన్నా, శుభవార్త. ముందు వదిన్ని పిలువు."

వెంకటేశ్వరమ్మ వరండాలో అన్నం గిన్నెలు కడుగుతోంది. చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"అయ్యగారు నీకు కుర్చీ పని ఇస్తున్నారు. మేనేజర్! యూసుఫ్ భాయ్‌కి చదువు లేదు కదా, పాపం భయపడతన్నాడు. నీకైతే చట్టాలన్నీ నోటికొచ్చు. టేబులు, ఫ్యాను, గేటు మీద పేరు. రోజుకి నాలుగు సంతకాలు. ఎడమ చెయ్యి సరిపోద్ది."

"ఎప్పట్నించి?"

"ఒకటో తారీఖు నుంచి చూపిద్దాం. సీజన్ మొదట్నించీ ఉన్నట్టుంటే పద్ధతిగా ఉంటది."

"మూడో తారీఖున నాకు దెబ్బ తగిలింది. అంటే అప్పటికి మేనేజర్ని నేనే."

"దెబ్బేంది అన్నా?" నా మొహంలోకి ఎంతో అమాయకంగా చూశాడు. "గడ్డి మిషను కదా."

బయటికి పొమ్మన్నాను. పోలేదు. తొందర లేదనీ, గురువారం డిశ్చార్జి నాడు సాయంత్రం కాగితాలు తెస్తాననీ, అందాకా ఆలోచించుకోమనీ వెంకటేశ్వరమ్మతో చెప్పి వెళ్ళాడు. నాతో కాదు, ఆమెతో.

"ఎందుకట్టా అరుస్తావు?" అంది వాడు వెళ్ళాక. "ఈ చేతికి ఇంక ఏ మిల్లువాడు పనిస్తాడో చెప్పు. కరపత్రాలు తింటామా?"

"అది పని కాదే. ఉచ్చు. రేపు ఎవడైనా రిపోర్టు ఎందుకు పంపలేదని అడిగితే, పంపనివాణ్ణి నేనే అవుతాను. నా చెయ్యి సంగతి దాచినవాణ్ణి నేనే అవుతాను."

ఆమె నా కట్టు అంచు సర్దింది. "మరి యూసుఫన్న బయటపడతాడుగా" అంది.

అదే. అదే కదా.

నవంబర్ 17

సంతకం పెట్టి చూశాను. ఊరికే. ఎడమ చెయ్యి అలవాటు కావాలిగా, ఎప్పటికైనా.

ఆలోచిస్తే దీంట్లో కొంత న్యాయం లేకపోలేదు. యూసుఫ్ బయటపడతాడు. మేనేజరు కుర్చీలో నాలాంటివాడుంటే ఇకముందు మిల్లులో ఏ దెబ్బ తగిలినా ఆ గంటలోనే రిపోర్టు వెళుతుంది. గాయాల పుస్తకం తెరుస్తాను. మూతలు బిగిస్తాను. లోపలి నుంచి పోరాడడం కూడా పోరాటమే. బయట నిలబడి అరిచి ఏం సాధించాం? ఒక చెయ్యి పోతే మొత్తం మిల్లు బాగుపడుతుంది. ఇది లొంగిపోవడం కాదు, వ్యూహం.

చదివితే ఎవరో రాసిన ఉత్తరంలా ఉంది.

నవంబర్ 18

సంతకం బాగా వస్తోంది.

నవంబర్ 19

వెంకటేశ్వరమ్మ మిల్లు నుంచి నేరుగా వచ్చింది, జుట్టులో దూది తుంపులతో. నాకు కొత్త చొక్కా తెచ్చింది. రేపటి డిశ్చార్జికి. చేతులు పొడుగ్గా ఉన్నవి చూసి కొన్నది, కట్టు కనపడకుండా.

మాటల్లో అడిగాను. "నా మిషను మీద ఎవర్ని పెట్టారు?"

"ఎవురూ దొరకలా. యూసుఫన్నే చూస్తన్నాడు, తన పనీ నీ పనీ."

"మూత బిగించారా?"

"ఏం మూత? అటక మీద పడేశారు. తడి పత్తి రోజూ వస్తంది, ఊరికే తియ్యడం, బిగించడం ఎవురికి పని? అన్న కూడా చేత్తోనే లాగతన్నాడు."

"ఇన్‌స్పెక్టర్ ఎవరూ రాలేదా?"

ఆమె నా వైపు వింతగా చూసింది. "ఎందుకొస్తాడయ్యా? ఏం జరిగిందని?"

నవంబర్ 20

పొద్దున్న డాక్టర్ కట్టు మార్చి ఇక ఇంటికి పొమ్మన్నాడు. సాయంత్రం ప్రేమ్‌చంద్ వస్తాడు. మధ్యాహ్నానికి యూసుఫ్ వచ్చాడు. మిల్లుకి కరెంటు కోత, అందుకని. సామాను సర్దడానికి సాయం వచ్చానన్నాడు. సర్దడానికి ఏముంది, చెంబు, రెండు లుంగీలు, ఈ డైరీ.

వాడి చేతులు చూశాను. మెటికల మీద తోలు లేచి ఉంది.

"రోలరా?"

"కొంచెం గీరిందిలే."

"కూర్చో. నీకొకటి చెప్పాలి."

వెంకటేశ్వరమ్మ చొక్కా మడత పెడుతోంది. చెయ్యి ఆపింది.

"నవంబర్ మూడు, సోమవారం, పొద్దున. మన మిల్లులో, నా మిషను దగ్గర పని చేస్తుంటే నా కుడి చెయ్యి రోలర్లలో పడి నాలుగు వేళ్ళు పోయాయి. నీకు చెబుతున్నాను."

యూసుఫ్ నవ్వబోయాడు. "నాకు చెప్పేదేందిరా? గుడ్డలో కట్టి తెచ్చింది ఎవురు? పిచ్చెక్కిందా?"

"అయినా చెబుతున్నాను. కార్మికుడు ఫోర్‌మన్‌కి చెప్పాలి. మేనేజరుకి చెప్పాలి. చెప్పాను."

అప్పుడు అర్థమైంది వాడికి. నవ్వు పోయింది. లేచి తలుపు దాకా వెళ్ళి, మళ్ళీ వచ్చి, మంచం అవతల నిలబడ్డాడు.

"అంటే ఇప్పుడు నాకు తెలిసినట్టు."

"అవును."

"ఇంక తెలవదనడానికి లేదు."

"లేదు."

"నన్ను ఇరికిస్తన్నావురా."

నా దగ్గర వాదనలున్నాయి. ఎప్పుడూ ఉంటాయి. చట్టం ఉంది, మూత లేని మిషను ఉంది, వాడి మెటికలున్నాయి. అవన్నీ పక్కన పెట్టాను.

"అవును" అన్నాను. "ఇరికిస్తున్నాను."

వాడు కిటికీ దగ్గరికి వెళ్ళి అద్దం లాగి చూశాడు. రాలేదు. "ప్రేమ్‌చంద్ ఇచ్చే కుర్చీ తీసుకుంటావేమో అనుకున్నా" అన్నాడు అటు తిరిగే. "తీసుకోమని మొక్కుకున్నా కూడా. నీకు అబద్ధం ఎందుకు చెప్పాలి."

"సంతకం నేర్చుకున్నాను" అన్నాను. "నీకూ అబద్ధం ఎందుకు చెప్పాలి."

వెంకటేశ్వరమ్మ చొక్కా మంచం మీద పడేసింది. "మీ ఇద్దరూ ఇట్టా ఒకరికొకరు నిజాలు చెప్పుకుంటా కూర్చోండి, ఆ ఫైలువాడు వచ్చేస్తాడు" అని గది దాటి నర్సుల బల్ల దగ్గరికి వెళ్ళింది. ఆమె గొంతు వరండా అంతా వినపడింది. "అమ్మా జ్యోతిర్మయీ, ఆ కాగితంలో గడ్డి మిషనని రాయించింది నేనే. అబద్ధం. మిల్లులో తెగింది. డాక్టరు గారిని పిలు, ఆయన ముందు చెప్తా. పోలీసోళ్ళనైనా పిలుచుకో. చెయ్యి కుట్టేశారుగా, ఇంకేం చేస్తారు?"

డ్రైవరు కుర్చీ వరండాలో కీచుమంది. ఫోన్ పట్టుకుని మెట్ల వైపు పరుగెత్తాడు. ఆ ఫోన్ నాది.

యూసుఫ్ ఇటు తిరిగాడు. కళ్ళు తుడుచుకున్నాడేమో, నేను చూడలేదు. డైరీలోంచి తెల్లకాగితం చింపమన్నాడు.

"నా రాత నీ ఎడమ చేతి రాత కన్నా అన్యాయం. నిదానంగా చెప్పు. మొదట్నించీ. ఆపబోతే ఆపొద్దన్నావే, అదీ రాయాలా?"

"రాయి."

"రాస్తే నీకు నష్టం లేదా?"

"లేదు. జరిగింది జరిగినట్టు రాయి."

నాలుక బయటపెట్టి, బడిపిల్లాడిలా, ఒక్కో అక్షరం గీస్తూ రాశాడు. కింద సంతకం పెట్టాడు. ఆ కాగితం జేబులో పెట్టుకుని, బ్రాంచి ఆఫీసు మూసేలోపు ఇవ్వాలని వెళ్ళిపోయాడు. మెట్ల మీద ప్రేమ్‌చంద్ ఎదురయ్యుంటాడు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు.

నవంబర్ 21

ఇల్లు. వెంకటేశ్వరమ్మని పనిలోకి రావొద్దన్నారు. నోటితోనే. కాగితం లేదు.

నవంబర్ 24

యూసుఫ్‌ని కూడా.

నవంబర్ 27

ఇన్‌స్పెక్టర్ వచ్చి వెళ్ళాడట. మూతలన్నీ బిగించారట. దెబ్బ సంగతి మేనేజర్ తనకి చెప్పకుండా దాచాడని, తెలిసి ఉంటే ఆ క్షణమే రిపోర్టు పంపేవాణ్ణని శివరామకృష్ణ గారు రాసిచ్చారట. ఎంత బాధపడ్డాడో కూడా రాశాడట.

టీ కొట్టు దగ్గర నన్ను చూసి ముఠావాళ్ళు పక్కకి తిరిగారు. ఒకడు మాత్రం దగ్గరికొచ్చి, "మంచి పని చేశావు బాబాయ్" అన్నాడు. ఎవరూ వినకుండా అన్నాడు.

యూసుఫ్ ఇవాళ కూడా రాలేదు.

డిసెంబర్ 4

రాలేదు.

డిసెంబర్ 11

ఈఎస్‌ఐ నుంచి ఉత్తరం. నా దెబ్బని పనిలో తగిలిన దెబ్బగా పరిశీలనకి తీసుకున్నారు. మెడికల్ బోర్డు ముందుకి రమ్మన్నారు. వెంకటేశ్వరమ్మ రెండుసార్లు చదివించుకుంది. నేను సంతోషించాలి. సంతోషించాను కూడా, కాసేపు.

పొద్దుగూకే వేళ గేటు చప్పుడైంది. యూసుఫ్. అరుగు మీద కూర్చుని జేబులోంచి కవరు తీసి నా ముందు పెట్టాడు. వాడికీ ఉత్తరం వచ్చింది. రిపోర్టు ఆలస్యంగా పంపినందుకు మీ మీద చర్య ఎందుకు తీసుకోకూడదో జవాబివ్వాలని.

"వకీలు దగ్గరికి పోదామంటే చేతిలో పని లేదు" అన్నాడు. "నువ్వే రాయి. ఇరికించింది నువ్వేగా."

వెంకటేశ్వరమ్మ వాడికి టీ ఇచ్చింది. నేను కాగితం తొడ మీద పెట్టుకున్నాను. జీవితమంతా యజమానుల మీద రాసిన చెయ్యి అటు పోయింది. యజమాని తరఫున రాయాల్సిన పని ఈ చేతికి వచ్చింది.  మొదటి వాక్యం రాసి పైకి చదివాను. "అయ్యా, సదరు మిల్లుకి యజమానినైన నేను..."

యూసుఫ్ టీ గ్లాసు దించాడు.

"ఎవుర్రా ఆయన?" అన్నాడు.